చింటూతో సైన్స్ మ్యూజియానికి వెళ్లేటప్పుడు

చి.ల.సౌ. లావణ్యకు పెద్దమ్మ దీవించి రాయునది.

చింటూని హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ గుట్ట మీది బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్తున్నానని రాశావు. మంచి పని. కాకపోతే టికెట్ కొన్నాం కదా అని అన్నీ చూపించి తీసుకురావాలని పట్టు పట్టకు. ఐదేళ్ల పిల్లాడు ఒక్క వస్తువు దగ్గర పావుగంట ఆగిపోతే విసుక్కోకూడదు. వాడు ఆగిన చోటే వాడి చదువు జరుగుతోంది. మొత్తం మీద నాలుగైదు వస్తువులు, గంటన్నర సమయం, అంతే లెక్క పెట్టుకో. ఆ తర్వాత ఎంత మంచిది చూపించినా వాడి బుర్రకెక్కదు, ఏడుపు మొదలవుతుంది.

ఆదివారం సాయంత్రం వద్దు. పక్కనే బిర్లా మందిర్ కాబట్టి గుడికి వచ్చిన జనమంతా ఇటు కూడా తిరుగుతారు. వారం మధ్యలో, తలుపులు తీసే వేళకు చేరుకో. చలికాలంలో బడి పిల్లల బస్సులు వరసగా వస్తాయి. వాళ్లు ఒక గదిలో ఉంటే మీరు ఇంకో గదికి వెళ్లండి, పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. మెట్రోలో వస్తే ఎర్ర లైనులో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకో. గుట్ట ఎక్కాలి కాబట్టి చిన్నపిల్లల తోపుడు బండి పట్టుకెళ్తే అది నీకే బరువు. వేళలూ సెలవు రోజులూ ముందురోజు ఫోన్ చేసి కనుక్కో.

సంచిలో అర లీటరు నీళ్ల సీసా, ఒక జత బట్టలు, చేతిరుమాలు, పల్చటి స్వెటర్ పెట్టు. స్వెటర్ ప్లానెటేరియం (నక్షత్రశాల) ఏసీ కోసం. తినేవి లోపలికి తీసుకెళ్లొద్దు. వెళ్లే ముందే ఇడ్లీయో ఉప్మానో కడుపు నిండా పెట్టు, ఆకలి మీదున్న పిల్లాడికి ఏ సైన్సూ ఎక్కదు. వాడి మణికట్టు మీద బాల్‌పెన్నుతో నీ ఫోన్ నంబరు రాయి. లోపలికి వెళ్లగానే ఒక గుర్తు చూపించి, 'తప్పిపోతే ఇక్కడికే వచ్చి నిలబడు' అని చెప్పి, వాడి నోటితో ఒకసారి చెప్పించు.

ఆ గుర్తు అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం తోక అయితే ఇంకా మంచిది, వాడు మరిచిపోడు. అది కోటాసారస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలు. 44 అడుగుల పొడుగు, 16 అడుగుల ఎత్తు. అంకెలు చెబితే చింటూకి ఏమీ అర్థం కాదు. తోక కొస నుంచి తల దాకా పక్కనే నడిపిస్తూ వాడి అంగలు లెక్కపెట్టించు. ఐదేళ్ల పిల్లాడి అంగ సుమారు అడుగున్నర ఉంటుంది కాబట్టి ముప్పై దగ్గర వస్తాయి. ఇంటికొచ్చాక మీ అపార్ట్‌మెంట్ వరండాలో అవే ముప్పై అంగలు నడిపించు, అప్పుడు కళ్లు పెద్దవి చేస్తాడు. కరుస్తుందా అని అడుగుతాడు, అడక్కుండా ఉండడు. ఆకులు తినేదని చెప్పు. ఇంకో సంగతి కూడా చెప్పు: అవి ఒక్క జంతువు ఎముకలు కావు. ఒకే చోట దొరికిన పన్నెండు దాకా జంతువుల ఎముకల్లోంచి ఏరి కూర్చినవి. తల పుర్రె దొరకనే లేదు, రెండు పళ్లే దొరికాయి. 'మరి దీని తల ఎలా ఉండేదంటావ్?' అని వాడినే అడిగి, ఏం చెబితే అది విను. సరిదిద్దకు.

ఇక చేత్తో తిప్పి, నొక్కి చూసే వస్తువుల సంగతి. ఇలాంటి మ్యూజియాలన్నిటిలో కొన్ని రకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఏది కనబడితే దాని దగ్గర ఆగు. అన్నిటికీ ఒకటే పద్ధతి. మీట నొక్కే ముందు 'ఏమవుతుందనుకుంటున్నావ్?' అని అడుగు. నొక్కాక పది లెక్కపెట్టించు. చాలా మీటలకు టైమర్ ఉంటుంది. పిల్లలు ఆగకుండా టకటకా నొక్కుతారు, ఆట పూర్తికాకముందే 'పని చేయట్లేదు' అని పక్కదానికి పరిగెడతారు. అవి త్వరగా పాడవడానికి కారణమూ ఈ నొక్కుడే.

గుండ్రంగా తిరిగే స్టూలు ఉంటే చింటూని కూర్చోబెట్టి, కాళ్లు లోపలికి ముడవమను, చేతులు బారచాపించి మెల్లిగా ఒక్క తోపు తొయ్యి. చేతులు గుండెకి హత్తుకోగానే గిర్రున వేగం పెరుగుతుంది, మళ్లీ చాపితే తగ్గుతుంది. శరీరపు బరువు నడిమి ఇరుసుకి దగ్గరయ్యేకొద్దీ వేగం పెరగడమే కిటుకు. గట్టిగా తోసేసి పిల్లల్ని కళ్లు తిరిగి పడేలా చేసేవాళ్లు చాలామంది. మెల్లిగా తోస్తేనే తేడా బాగా తెలుస్తుంది. నీ చున్నీ మాత్రం భద్రం.

గుసగుసల గిన్నెలు, అంటే హాలుకి ఆ చివరా ఈ చివరా పెట్టే పెద్ద పళ్లేలు, వీటి దగ్గర దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. అవతలి మనిషి వైపు తిరిగి మాట్లాడతారు. అవతలి వాళ్లకు వీపు పెట్టి, తన పళ్లెం వైపు మొహం పెట్టి, ముందు ఉండే రింగు దగ్గర నోరుంచి గుసగుసలాడాలి. మాట పళ్లేనికి తగిలి తిన్నగా అవతలి పళ్లేనికి వెళ్లి, అక్కడి రింగు దగ్గర చేరుతుంది. ఆ రింగు చింటూకి అందకపోతే ఎత్తుకోవాలి. అల్లుడు గారిని అటు చివర నిలబెట్టు.

వంకర అద్దాల్లో లోపలికి గుంటపడిన అద్దం దగ్గరే ఎక్కువసేపు ఉంచు. దూరంగా ఉంటే మొహం తలకిందులు, మెల్లిగా దగ్గరికి నడిస్తే ఒక చోట చెరిగిపోయి, ఇంకా దగ్గరికెళ్తే పెద్దదై నిటారుగా నిలబడుతుంది. ఆ చెరిగిపోయే చోటు ఎక్కడో వాడి కాళ్లతో వాడినే కనుక్కోమను. తలమీద వెంట్రుకలు నిక్కబొడిపించే కరెంటు గోళం ఉంటే సిబ్బంది నడిపినప్పుడే చూడాలి. వానాకాలంలో గాలిలో తేమ వల్ల ఛార్జి జారిపోయి అది సరిగ్గా పనిచేయదు, వాళ్ల తప్పు కాదు.

బోర్డుల మీద రాసింది చదివి వినిపించకు. తెలుగులో ఒక్క వాక్యం చాలు. 'ఇది ఫలానా సూత్రం' అని పేర్లు బట్టీ పట్టించడం ఇప్పుడే వద్దు. పక్కన అమ్మానాన్నలు పిల్లల్ని పక్కకు నెట్టి తామే తిప్పి చూపిస్తుంటారు, నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. ఫోటోలు రెండు చాలు.

అక్కడికి చేరగానే ప్లానెటేరియం టికెట్ తీసుకో, తెలుగు ఆటకే తీసుకో. మ్యూజియం చూశాక చివర్లో వచ్చేలా చూసుకో, అలసిన కాళ్లకి కూర్చోవడం హాయిగా ఉంటుంది. ముందు బాత్రూమ్‌కి తీసుకెళ్లు. వెనక వరసలో, దారి పక్క సీట్లలో కూర్చో. గోపురం మొత్తం కనిపిస్తుంది, చీకటికి భయపడితే బయటికి రావడమూ తేలిక. రెండు రోజుల ముందు నుంచే రాత్రి గదిలో లైటు ఆర్పి, కబుర్లు చెప్పుకుంటూ పడుకోవడం అలవాటు చెయ్యి. నిద్రపోతే పోనివ్వు.

అదే రోజు బిర్లా మందిర్ కూడా అంటే చింటూకి ఎక్కువవుతుంది. తప్పదంటే ఎండ తగ్గాకే వెళ్లు. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో ఇచ్చిపోవాలి.

మర్నాడు అన్నాలప్పుడు స్టీలు గరిటె ఇచ్చి, లోపలి వైపు మొహం చూసుకోమను. తర్వాత వేలిని గరిటెకి దాదాపు తగిలేంత దగ్గరికి తెమ్మను, నిటారుగా పెద్దదిగా కనిపిస్తుంది. 'నిన్నటి అద్దమే!' అని వాడే అంటాడు. ఒకవేళ అనకపోతే నువ్వు అందివ్వకు, ఇంకో రోజు చూద్దాం.

మీ పెద్దమ్మ