నాస్‌లోని వీడియోలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు కనిపించవు?

తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిత్రులొకరు, నాస్ (నెట్‌వర్క్ ద్వారా అన్ని కంప్యూటర్లూ వాడుకునే స్టోరేజ్ పెట్టె)లోని ఫోల్డర్ విండోస్‌లో తెరుచుకుంటున్నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయిన ప్రీమియర్ ప్రోలో ఆ డ్రైవ్ కనిపించడం లేదని అడిగారు. సాఫ్ట్‌వేర్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరవడమే దీనికి తరచుగా కారణమవుతుంది. మామూలు హక్కులతో మ్యాప్ చేసిన డ్రైవ్ (అంటే ఒక అక్షరం కేటాయించి డ్రైవ్‌లా చూపే నెట్‌వర్క్ ఫోల్డర్), అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిచే ప్రోగ్రాముకు విండోస్‌లో సాధారణంగా కనిపించదు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను మామూలుగానే తెరవండి. స్టూడియోలోని కంప్యూటర్లన్నింటిలోనూ ఆ ఫోల్డర్‌కు ఒకే అక్షరం కేటాయించడం చాలా ముఖ్యం. ఒకచోట జడ్, మరోచోట వై అని ఉంటే, ఇక్కడ చక్కగా ఆడిన తలంబ్రాల క్లిప్పులే పక్క కంప్యూటరులో 'మీడియా ఆఫ్‌లైన్' అనే ఎర్రటి తెరగా మారతాయి. గిగాబిట్ నెట్‌వర్క్ కేబుల్ మీదనే సెకనుకు సుమారు 110 మెగాబైట్లకు మించి రావు, కనుక వైఫైని నమ్ముకోకండి. మీడియా కాష్‌ను (ఎడిటింగ్ వేగం కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లను) మాత్రం కంప్యూటరులోని ఎస్‌ఎస్‌డీలోనే ఉంచండి.