అటక మీది డెస్క్‌టాప్ దించనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేరరా అంటే, అటక మీది పాత డెస్క్‌టాప్ దించి ఇంటి నెట్‌కి ఫైర్‌వాల్ చేస్తానంటున్నాడు. కాలం వృథా చేస్తున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: వృథా కాదండీ. ఫైర్‌వాల్ అంటే ఇంటి నెట్‌లోకి ఏది రావచ్చో, ఏది రాకూడదో చూసే కాపలా. నెట్‌వర్క్ సెక్యూరిటీ వైపు వెళ్లాలనుకునే కుర్రాడికి ఇంతకంటే చవకైన ల్యాబ్ దొరకదు. సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా, ఫోన్‌కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఎవరిస్తారో చెప్పలేని పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. చూస్తే బాధేస్తుంది.

పాత కంప్యూటర్‌ని ఫైర్‌వాల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లు పీఎఫ్‌సెన్స్, దాని నుంచి 2015లో విడిపోయిన ఓపీఎన్‌సెన్స్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే ఇంటికి చాలు. కొనాల్సింది ల్యాన్ కార్డు (నెట్ కేబుల్ పెట్టే పోర్టు ఉన్న కార్డు) ఒక్కటే. బయటి నెట్ ఒక పోర్టులోకి వస్తుంది, ఇంకో పోర్టు నుంచి ఇంటికి వెళ్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంటెల్ కార్డు అడగమనండి. ఈ రెండు సాఫ్ట్‌వేర్లు నడిచే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో రియల్‌టెక్ చిప్‌లు ఒక్కోసారి పేచీ పెడతాయి.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పని కాదు. అసలు చదువు ఆ తర్వాతే. సీసీ కెమెరాలను వేరే పోర్టు మీద పెట్టి, అవి మీ ల్యాప్‌టాప్ వైపు రాకుండా రూల్ రాయాలి. ఫైర్‌వాల్ తన రూల్స్‌ని పైనుంచి కిందికి చూస్తూ మొదట సరిపోయినదాన్నే అమలు చేస్తుందని క్లాసులో విని మర్చిపోతారు. ఒక రూల్ తప్పు చోట పెట్టి, మీ ఆఫీస్ కాల్ మధ్యలో నెట్ పోతే మాత్రం ఎప్పటికీ గుర్తుంటుంది. ఆ రోజు కోప్పడకండి. ఏం చెడింది, ఏ లాగ్‌లో (ఫైర్‌వాల్ రాసిపెట్టే రికార్డులో) కనిపించింది, ఎలా సరిచేశాడు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అదే అతని అనుభవం.

హార్డ్‌వేర్ పాతదైనా ఫర్వాలేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు మాత్రం ఆపకూడదు. కరెంటు సంగతీ చూసుకోండి: 60 వాట్ల డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు దాదాపు 43 యూనిట్లు. పని పట్టుబడ్డాక తక్కువ కరెంటుతో నడిచే పాత థిన్ క్లయింట్ అనే చిన్న కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు.

కోర్సు వద్దనడం లేదు. నాలుగైదు నెలలు ఇది చేశాక సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్ఏ కోర్సులో చేరితే పాఠాలు త్వరగా ఎక్కుతాయి. మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న రౌటర్ సెట్టింగులన్నీ ఫొటోలు తీసుకోమనండి. నెట్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా రాసిపెట్టుకుంటే, ఏదైనా తేడా వచ్చినా అయిదు నిమిషాల్లో పాత రౌటర్ తగిలించేయొచ్చు.