రెండో మెట్లకు తాళం వేయకు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. మూడంతస్తులు, గదికి ఎనిమిది మంచాలు, లెక్క బాగానే వేశావు. కానీ నాకు అందులో పెద్ద ఇల్లు కనిపించింది గానీ డార్మిటరీ కనిపించలేదురా. ఇంట్లోవాళ్లకు చిమ్మచీకట్లో కూడా గుమ్మం ఎటుందో తెలుసు. నిన్న సాయంత్రం బ్యాగుతో దిగినవాడికి తెలియదు. రూల్స్ ఈ రెండిటినీ వేరుగా చూసేది అందుకే.

స్థలానికి అడ్వాన్సు ఇవ్వకముందే, ఆ జోన్‌లో (ఊరి ప్లాన్‌లో ఆ ప్రాంతానికి కేటాయించిన వాడకంలో) డార్మిటరీకి అనుమతి ఇస్తారో లేదో కనుక్కో, జవాబు కాగితం మీద తీసుకో. "ఇల్లని పర్మిషన్ తెచ్చుకుని తర్వాత మంచాలు వేసుకుందాం" అన్నవాడి మాట వినకు. వాడకం మారితే అనుమతి కూడా మారాలి. లేకపోతే నోటీసులు వస్తాయి, ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేయొచ్చు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడంలో జనం ఉండొచ్చని ఇచ్చే కాగితం, చేతికొచ్చేదాకా ఒక్కరినీ దించకు.

ఇక మెట్లు. నీ ప్లాన్‌లో రెండున్నాయి, సంతోషం. కానీ పక్కపక్కనే పెట్టావు. ఒకదాన్ని కమ్మిన పొగ రెండోదాన్నీ కమ్ముతుంది. మంటకంటే ముందు ప్రాణం తీసేది పొగే, దానికి మెట్లదారి చిమ్నీలా పనిచేస్తుంది. అందుకని కారిడార్‌కు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టు. వెడల్పు 1.2 మీటర్లకు తగ్గనీయకు, మీ దగ్గర రూలు ఎక్కువ అడిగితే అంతే ఇవ్వు. మెట్ల దగ్గర తలుపులు జనం పరిగెత్తే వైపుకే తెరుచుకోవాలి, వాటంతటవే మూసుకోవాలి.

నేను కట్టిన మొదటి డార్మిటరీలో రెండో మెట్లు ఉండేవి. దొంగల భయంతో వాటికి తాళం వేయించింది కూడా నేనే. ఒక రాత్రి కింద మీటర్ బోర్డు కాలి పొగ పైకొచ్చింది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, అతను గేటు బయట ఉన్నాడు. అందరూ ఎలాగో బయటపడ్డారు. పొద్దున చూస్తే ఆ గొళ్లెం లాగి లాగి వంగిపోయి ఉంది. ఆ వారమే లోపల్నుంచి తోస్తే తెరుచుకుని, బయటినుంచి తెరుచుకోని బార్ పెట్టించాను. కిటికీ గ్రిల్స్‌కు కూడా అంతే, గదికి ఒకటైనా లోపల్నుంచి తెరుచుకునేది ఉండాలి.

బలం సంగతి ఇంజనీరుకు వదిలెయ్, కానీ అడగాల్సినవి అడుగు. మట్టి పరీక్ష లేకుండా పునాది డ్రాయింగ్ గీయనివ్వకు. పడకగదులకు సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కేస్తారు, జనం గుమిగూడే కారిడార్లకు, మెట్లకు అంతకంటే ఎక్కువ. నీళ్ల ట్యాంకును మాత్రం అందరూ చివర్లో గుర్తు చేసుకుంటారు. 50 మందికి తలా 100 లీటర్లనుకున్నా 5,000 లీటర్లు, అంటే 5 టన్నులు. అది ఏ స్తంభాల మీద కూర్చుంటుందో ఇప్పుడే తేల్చు. స్లాబ్ వేసిన ప్రతిసారీ అదే కాంక్రీటుతో నమూనా క్యూబులు పోయించి, 7 రోజులకు, 28 రోజులకు వాటి బలం టెస్ట్ చేయించు. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనీ.

బాత్రూములు ఎనిమిది మందికి ఒకటికి తగ్గకుండా చూడు. లేదంటే పొద్దున క్యూలో గొడవలు.

మట్టి రిపోర్టు, మార్చిన మెట్ల డ్రాయింగ్ కలిపి పంపు. మంచాలకు ఇప్పుడే ఆర్డర్ ఇవ్వకు.

నీ పెదనాన్న