డాబా సగమే ఉంటే యాంటెన్నా ఎలా?

ప్రశ్న: కొత్తగా హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు వచ్చింది. 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు) డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా, కట్టాలంటే 20 మీటర్ల తీగ కావాలంటున్నారు. మా డాబా పొడవు 10 మీటర్లే. మిగతా తీగను కాయిల్‌గా చుట్టేస్తే సరిపోతుందా?

జవాబు: చుట్టేస్తే ట్యూన్ అవుతుంది, కానీ సరిపోదు. ఈ తేడా నాకు తెలిసేసరికి చాలా నెలలు పట్టింది. సన్నటి ఎనామెల్ తీగను ప్లాస్టిక్ గొట్టాల మీద చుట్టి, ఫీడ్ పాయింటుకు, అంటే రేడియో కేబుల్ తీగకు కలిసే చోటుకు, రెండు పక్కలా పెట్టాను. యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు 1:1 దగ్గర, అంటే దాదాపు ఏమీ రానట్టు, నిలబడింది. సంబరంగా 100 వాట్లతో పిలుస్తూనే ఉన్నాను, ఎవరూ పలకలేదు. దించి చూస్తే గొట్టం మెత్తబడి, చుట్లు అందులోకి దిగబడి ఉన్నాయి.

పొట్టి తీగ రేడియోకు కెపాసిటర్‌లా కనిపిస్తుంది. కాయిల్ దాన్ని సరిచేసి రెజొనెన్స్ తెస్తుంది, అంటే తీగను ఆ ఫ్రీక్వెన్సీకి కుదురుస్తుంది, అంతవరకే. పూర్తి డైపోల్‌కు సుమారు 73 ఓమ్‌లుండే రేడియేషన్ రెసిస్టెన్స్ (తరంగాలుగా బయటికి వెళ్లే పవర్‌కు లెక్క), సగం పొడవుకు 12-13 ఓమ్‌లకు పడిపోతుంది. అక్కడ రెండు కాయిళ్ల సొంత రెసిస్టెన్స్ కలిపి 6 ఓమ్‌లున్నా, మూడో వంతు పవర్ వేడిగా పోయినట్టే.

అందుకే ముందు కాయిల్ మాట పక్కన పెట్టండి. 20 మీటర్లూ కట్టండి. మధ్య 10 మీటర్లు తిన్నగా లాగి, మిగిలిన చెరో 5 మీటర్లను కిందకు వేలాడదీయండి, లేదా పక్కకు వంచండి. తరంగాలను పుట్టించేది తీగలోని కరెంటు. అది నడిమధ్య ఎక్కువ, కొసల్లో దాదాపు సున్నా. లెక్క వేస్తే 70 శాతం పని ఆ మధ్య సగమే చేస్తుంది. కాబట్టి కొసలు వంచితే పోయేది కొంచెమే. అయితే వోల్టేజి కొసల్లోనే ఎక్కువ, పిల్లల చేతికి అస్సలు అందకూడదు. తీగ కాస్త ఎక్కువే ఉంచి, మీటరు చూసుకుంటూ కొద్దికొద్దిగా కత్తిరించండి.

వంచే చోటు కూడా లేకపోతే అప్పుడు కాయిల్. ఫీడ్ పాయింటు దగ్గర కాదు, ఒక్కో వైపు తీగకు సగంలో. చుట్లు ఎక్కువ పడతాయి, అయినా కాయిల్ దాకా ఉన్న తీగలో కరెంటు బలంగా నిలుస్తుంది. లావు రాగి తీగ తీసుకుని, చుట్టుకూ చుట్టుకూ మధ్య తీగ మందమంత ఖాళీ వదలండి. కొసల్లో నాలుగు కడ్డీలు చక్రం ఆకుల్లా బిగిస్తే, అంటే కెపాసిటీ హ్యాట్ పెడితే, కాయిల్ చుట్లు తగ్గుతాయి. ఇలాంటి యాంటెన్నాకు బ్యాండ్‌విడ్త్ తక్కువ, ఫ్రీక్వెన్సీ కాస్త జరిగినా మళ్లీ ట్యూన్ చేసుకోవాలి.

మొదట రెండు నిమిషాలే ప్రసారం చేసి, ట్రాన్స్‌మిటర్ పూర్తిగా ఆపి, కాయిల్‌ను తాకి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా లావు తీగతో మళ్లీ చుట్టండి.