రెండొందల మెయిళ్లకు జవాబు రాకపోతే తప్పు నీ ఇంగ్లీషుది కాదు

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. ఒంగోలులో బీకాం చేసి, మూణ్ణెల్లుగా ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో మార్కెటింగ్ చేస్తున్నాను. విదేశాల్లో కొనేవాళ్లకు రోజుకు రెండొందల మెయిళ్లు పెడతాను, ఒక్క జవాబు రాలేదు. తెలుగు మీడియంలో చదివాను, ఇంగ్లీషు అంతంతమాత్రం. మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరమంటారా?

జవాబు: తమ్ముడూ, నువ్వు కొనేవాళ్లకు పెడుతున్న మెయిల్ రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు తప్పులు రెండున్నాయి, చిన్నవి, వాటివల్ల జవాబు ఆగలేదు. మా సొంత క్వారీ, మా క్వాలిటీ, మా రేట్లు అంటూ పదకొండు లైన్లు రాసి కింద 18 ఎంబీ కేటలాగ్ తగిలించావు. చదివే మనిషి గురించి ఒక్క ముక్క లేదు. అందరినీ బీసీసీలో (ఒకరికొకరు కనబడకుండా ఒకే మెయిల్ అందరికీ పంపే చోట) పెట్టావు కాబట్టి పేరు కూడా లేదు, ఊరికే డియర్ సర్.

రేపు పొద్దున మెయిల్ తెరవకుండా ఫ్యాక్టరీలోకి వెళ్లి నిలబడు. కొనడానికి వచ్చినవాళ్లు ఏం చేస్తారో చూడు. బ్లాకు మీద నీళ్లు పోయించి పగుళ్లు వెతుకుతారు, బ్లాక్ గెలాక్సీ (బంగారు చుక్కలుండే మీ చీమకుర్తి నల్ల గ్రానైట్) అయితే ఆ చుక్క ఒత్తుగా ఉందా పలచగా ఉందా, ఒక స్లాబుకీ ఇంకో స్లాబుకీ తేడా ఎంతుందని వంగి చూస్తారు, మందం అడుగుతారు, ఎప్పుడు లోడ్ చేస్తారని అడుగుతారు. నీ మెయిల్లో ఉండాల్సింది అదే.

అమెరికాలో కిచెన్ గట్లు చేసే షాపులు ఎక్కువగా 3 సెంటీమీటర్ల స్లాబులు వాడతాయి, యూరప్‌లో 2 సెంటీమీటర్లది బాగా నడుస్తుంది. ఇద్దరికీ ఒకే మెయిల్ ఎట్లా సరిపోతుంది చెప్పు? రోజుకు పది మందిని ఎంచుకో, ఒక్కొక్కరి వెబ్‌సైట్ పావుగంట చూడు. సబ్జెక్ట్‌లో "3 సెం.మీ. బ్లాక్ గెలాక్సీ, సన్న చుక్క, పాలిష్ అయ్యి రెడీగా ఉంది" అని రాయి. లోపల మూడే మాటలు: మీ సైట్‌లో ఫలానా వంటగది ఫోటో చూశాను, అందులో గెలాక్సీ వాడారు, అదే రకం స్లాబులు ఈ వారం మా దగ్గర పాలిష్ అయ్యాయి, ఫోటోలు పంపమంటారా? అవతలివాళ్లు ఒక్క "పంపండి"తో జవాబివ్వగలిగే ప్రశ్న అది. దీనికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. నిజంగా రెడీగా ఉన్న సరుకు గురించే రాయి, ఇది మాత్రం ఖచ్చితంగా పాటించు.

ఇంతకు ముందే వాళ్లతో మాట్లాడినట్టు కనబడేలా సబ్జెక్ట్‌లో "రీ" (Re:) పెట్టే ట్రిక్ ఎవరైనా నేర్పితే వినొద్దు. అమెరికాలో వ్యాపార మెయిళ్ల మీద ఉన్న 2003 నాటి క్యాన్‌-స్పామ్ చట్టం ప్రకారం మోసపుచ్చే సబ్జెక్ట్ తప్పు. కింద మీ ఆఫీసు అడ్రసు ఉండాలి, ఇక పంపొద్దన్నవాళ్లను 10 పనిదినాల్లోపు లిస్టులోంచి తీసేయాలి.

ఇంకోటి, అసలు నీ మెయిళ్లు ఇన్‌బాక్స్‌కి చేరుతున్నాయా? నీ సొంత జీమెయిల్‌కి ఒకటి పంపి చూసుకో. స్పామ్‌లో పడితే మీ కంపెనీ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ కంపెనీ నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) సెట్ చేశారా అని వెబ్‌సైట్ చూసే అతన్ని అడుగు.

జవాబు రాలేదా, నాలుగైదు రోజులాగి అదే మెయిల్ కింద ఎండలో తీసిన స్లాబు ఫోటో ఒకటి చిన్న సైజులో పెట్టు. ఇంకో వారానికి మరోసారి. అప్పటికీ పలకకపోతే వదిలేయ్.

మీ ఓనరు రెండొందల లెక్క అడుగుతాడని టెన్షన్ పడుతున్నావు, తెలుస్తోంది. కూర్చుని మాట్లాడు. "సార్, రెండు వారాలు రోజుకు పదే పంపుతాను, ఎవరికి ఏం రాశానో రోజూ సాయంత్రం చూపిస్తాను" అను. లిస్టు చేతిలో పెడితే వినే అవకాశం ఎక్కువ.

బ్యాంకు ఉద్యోగం నీకు నిజంగా ఇష్టమైతే వెళ్లు, మంచి ఉద్యోగమే. ఇక్కడ ఓడిపోయాననుకుని మాత్రం వెళ్లొద్దు, ఎందుకంటే సరైన మెయిల్ నువ్వింకా ఒక్కటీ రాయలేదు. మొదటిది రాశాక, పంపే ముందు నాకొకసారి చూపించు.