ప్రశ్న–జవాబు: విప్లవం ఎందుకొస్తుంది, ఎప్పుడు న్యాయం?

ప్రశ్న: 2022లో శ్రీలంక జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయినా సర్కారు కూలలేదు. ఆకలే కారణమైతే ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: తిండి లేని మనిషి ముందు తిండి వెతుక్కుంటూ ఊరు వదులుతాడు. బెంగాల్ పల్లెల జనం కలకత్తా వీధుల్లో గంజి అడుక్కుంటూ ప్రాణాలొదిలారు. అప్పటికి సర్కారు ఖజానా, సైన్యం, పోలీసు చెక్కుచెదరలేదు. ఇవి బీటలు వారిన చోటే ఆకలి ప్రభుత్వాన్ని పడగొడుతుంది.

ఫ్రాన్స్ చూడండి. 1788లో వడగళ్లు పంటను కొట్టేశాయి. 1789 మొదట్లో పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె పద్నాలుగున్నర సూలకు (సూ అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) చేరింది. మామూలు కూలీకి రోజుకు వచ్చేది 20 నుంచి 30 సూలు. అంటే ఒక్క రొట్టె కొంటే సగం కూలి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, పోయినట్టు. ఇక పప్పో, కట్టెలో, ఇంటద్దో ఎక్కణ్నుంచి తెస్తాడు? అదే సమయంలో రాజు ఆదాయంలో సగం దాకా పాత అప్పులకే పోతోంది. కొత్త పన్నుల కోసం, 1614 తర్వాత ఎన్నడూ కూడని మూడు వర్గాల (మతగురువులు, ప్రభువులు, సామాన్యులు) మహాసభను పిలవక తప్పలేదు. జూలై 14న పారిస్‌లో రాజుగారి జైలైన బాస్తీ కోట ముందుకు ఫిరంగులు తెచ్చి జనంతో కలిసింది రాజుగారి ఫ్రెంచి గార్డులే.

రష్యాలో ఇది ఇంకా స్పష్టం. పాత రష్యా క్యాలెండరు ప్రకారం 1917 ఫిబ్రవరి 26న అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో వొలిన్‌స్కీ రెజిమెంటు జనం మీద కాల్పులు జరిపింది. రాత్రి గడిచింది. తెల్లారేసరికి ఆ సైనికులే ఇక కాల్చమని తేల్చి, తమ అధికారిని చంపి వీధిలోకొచ్చారు. మార్చి 2న జార్ చక్రవర్తి గద్దె దిగాడు.

శ్రీలంకలో 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఆపి పంట పాడుచేసుకున్నారు. డాలర్లు నిండుకున్నాయి. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమన్నారు. జూలై 9న జనం భవనంలోకి వచ్చారు, 13న అధ్యక్షుడు దేశం దాటాడు. దీన్ని విప్లవం అనడానికి మాత్రం మాకు మనసొప్పదు. జూలై 20న వారసుణ్ని ఎన్నుకున్నది పాత పార్లమెంటే, పాత రాజ్యాంగం ప్రకారమే.

ప్రశ్న: మరి విప్లవం న్యాయమో కాదో తేల్చే కొలత ఏది?
– సివిల్స్ అభ్యర్థి, అన్నానగర్, చెన్నై

జవాబు: కారణం చెప్పినంత మాత్రాన సమర్థించినట్టు కాదు. ఈ రెండూ కలిపి రాస్తే జవాబు చెడుతుంది. పాలకుడు ప్రజలు అప్పగించిన నమ్మకాన్ని వమ్ము చేస్తే అధికారం తిరిగి ప్రజలదేనన్నాడు ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్. అదీ ఒకటి రెండు తప్పులకు కాదు, ఒకే దిక్కుకు సాగే వరుస దుర్మార్గాలకే. జర్మన్ తత్వవేత్త కాంట్ ఒప్పుకోలేదు: ప్రజలకూ పాలకుడికీ మధ్య తగవు తీర్చేదెవరని అడిగాడు. అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు వేరే పద్ధతులకు సమర్థన లేదన్నారు. మా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే గీటురాయి ఇదే: తలుపు నిజంగా మూసి ఉందా?

ఈ గీటురాయి మీద తెలంగాణ రైతుల సాయుధ పోరాటాన్ని గీసి చూడండి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైనప్పుడు వెట్టిచాకిరీ మీద దేశ్‌ముఖ్‌ను నిలదీయడానికి ఓటు లేదు, రైతు మాట వినే కచేరీ లేదు. ఆ తిరుగుబాటు న్యాయమే. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక లెక్క మారింది. సాయుధ పోరు ఇంకా సాగాలా వద్దా అని, దాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీలోనే చీలిక వచ్చింది. వద్దన్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ఒకరు. పోరు 1951 అక్టోబరులో ఆగింది. ఆ వెంటనే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఆయనకు నల్లగొండలో నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. తలుపు తెరుచుకుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ప్రశ్న: మా పక్క వీధిలోనే పొట్టి శ్రీరాములు గారు ప్రాణాలొదిలారు. అది విప్లవమా?
– ఒక పాఠకుడు, మైలాపూరు, చెన్నై

జవాబు: కాదండీ. రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారింట్లో ఆయన 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. అడిగింది రాష్ట్రం, దాన్ని ఇచ్చింది పార్లమెంటు చేసిన చట్టం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు మాత్రం రాలేదు.