డాక్టర్ సలహా: బాబుకి రోటా వైరస్ విరేచనాలు, ఆగడానికి మందు ఎందుకివ్వలేదు?

ప్రశ్న: మా బాబుకి 11 నెలలు. మూడు రోజులుగా నీళ్ల విరేచనాలు. టెస్ట్‌లో రోటా వైరస్ అని వచ్చింది. ఓఆర్ఎస్, జింక్ మాత్రమే రాశారు, యాంటీబయాటిక్ ఇవ్వలేదు. టీకా కూడా వేయించాం, అయినా ఎందుకొచ్చింది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ డాక్టర్ గారు సరిగ్గానే రాశారమ్మా. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్‌ని ఏమీ చేయలేదు, పైగా దానివల్ల విరేచనాలు ఇంకా ఎక్కువవ్వచ్చు.

ఇన్ని నీళ్లు ఎలా పోతున్నాయంటే, ఈ వైరస్ చిన్నపేగు కణాల్లోకి దూరి వాటిచేతే ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రోటీన్ తయారు చేయించుకుంటుంది, కణం లోపల కాల్షియం నిల్వ ఉండే అరల పొరకి ఆ ప్రోటీన్ తూట్లు పొడుస్తుంది, నిల్వ కారిపోయేసరికి కణం బయటినుంచి ఇంకా కాల్షియం లాక్కుంటుంది. వైరస్‌కి కావాల్సిందే అది, కాల్షియం పెరిగితేనే కొత్త వైరస్‌లు తయారవుతాయి. అంతటితో ఆగదు, ఆ ప్రోటీన్ కొంత బయటికొచ్చి వైరస్ సోకని పక్క కణాల్లో కూడా కాల్షియం పెంచేస్తుంది, దాంతో ఉప్పులో ఉండే క్లోరైడ్ పేగులోకి వచ్చేస్తుంది, దాని వెంట ఉప్పులోనే ఉండే సోడియం, నీళ్లు. అందుకే ఒంట్లో నీళ్లు అంత త్వరగా తగ్గిపోతాయి.

అయితే సోడియం, గ్లూకోజ్ రెండూ కలిసి కణం లోపలికి వెళ్లే దారి ఒకటుంది, అది కొంత దెబ్బతిన్నా పూర్తిగా మూసుకుపోదు. ఓఆర్ఎస్ పనిచేసేది ఆ దారిలోనే, వాటి వెంట నీళ్లు కూడా లోపలికి వెళ్తాయి. లీటర్‌కి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని లెక్క పెట్టింది అందుకే, కాబట్టి ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నే కలపండి, పంచదార అదనంగా వేయొద్దు, షాపుల్లో అమ్మే తియ్యటి డ్రింకులు అస్సలు వద్దు, వాటివల్ల నీళ్లు ఇంకా పోతాయి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, స్పూన్‌తో కొంచెం కొంచెంగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ పట్టండి. తల్లిపాలు ఆపకండి.

జింక్ రోజుకి 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి. విరేచనాల్ని ఆపే లోపరమైడ్ లాంటి మందులు పిల్లలకి ప్రమాదం, ఎవరు చెప్పినా వేయకండి.

ఇక టీకా. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన రోటావాక్ 2016లో ప్రభుత్వ టీకాల్లో చేరింది, మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటా టీకా ఏదైనా జబ్బు అసలు రాకుండా పూర్తిగా ఆపలేదు, ముదరకుండా చూడటమే దాని ముఖ్యమైన పని, కాబట్టి వేయించి మంచి పని చేశారు.

బాబు మత్తుగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనపడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, రాత్రయినా సరే తెల్లారేదాకా ఆగొద్దు.